ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల భూతల పరీక్షా కేంద్రం: అవసరాన్ని ఆడిట్ చేసే పద్ధతి

తిరుపతిలో నా దగ్గరికి ఆడిట్ శాఖ పరీక్షలకు చదువుకునే పిల్లలు వస్తుంటారు. రేణిగుంట, శ్రీసిటీ వైపు చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లు నడిపేవాళ్లూ అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. తమిళనాడు రక్షణ పారిశ్రామిక కారిడార్‌లో ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాల (శత్రు రాడార్లను పసిగట్టి తికమకపెట్టే పరికరాల) పరీక్షా కేంద్రం కోసం 2024 జులైలో ఒప్పందం కుదిరినప్పటి నుంచి, ఈ రెండు వర్గాలవాళ్లూ ఒకే విషయం మీద అడుగుతున్నారు. మన పక్కకూ ఒకటి కావాలని అడగవచ్చా అని యూనిట్లవాళ్లు అడుగుతారు. అలాంటిది నిజంగా కావాలో అక్కరలేదో లెక్క తేల్చేది ఎలా అని పిల్లలు అడుగుతారు.

రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదానికి జవాబు దానంతట అదే వస్తుంది కాబట్టి, ఏళ్ల తరబడి ఆడిట్ ఫైళ్లు చూసిన అనుభవంతో ఈ పద్ధతిని వరుసగా రాస్తున్నాను. కేంద్రం ప్రతిపాదన తయారు చేసేవాళ్లు కూడా దీన్నే వాడుకోవచ్చు. ఆడిటర్ రేపు అడగబోయే ప్రశ్నలకు ఈరోజే జవాబులు సిద్ధం చేసుకున్నట్టవుతుంది.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. "ఈ కేంద్రం ఉపయోగపడుతుందా?" అని అడిగితే ఏ కేంద్రానికైనా అవుననే జవాబే వస్తుంది. "ఇది లేకపోతే ఏ పరీక్ష ఆగిపోతుంది, ఏడాదికి ఎన్ని గంటలు ఆగిపోతుంది?" అని అడిగినప్పుడే అవసరం బయటపడుతుంది. కింద ఉన్న అంచెలన్నీ ఈ ప్రశ్న కోసమే.

1. ఆఫీసులో అడుగుపెట్టే ముందు

మీ అధికారం ఎక్కడి నుంచి వస్తుందో స్పష్టంగా తెలిసి ఉండాలి. కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) తరఫున వెళ్లే బృందానికి రాజ్యాంగంలోని 148 నుంచి 151 వరకు ఉన్న అధికరణాలు, 1971 నాటి కాగ్ విధులు, అధికారాల చట్టం ఆధారం. ఆ చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం లెక్కలనూ సంబంధిత పత్రాలనూ అడిగి తెప్పించుకోవచ్చు. శాఖలోపల పనిచేసే ఆర్థిక సలహాదారుకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల్లోని 21వ నియమం చాలు: వివేకం ఉన్న మనిషి తన సొంత డబ్బు ఖర్చు చేసేటప్పుడు ఎంత జాగ్రత్తపడతాడో ప్రభుత్వ సొమ్ము విషయంలోనూ అంతే జాగ్రత్తపడాలి, అవసరానికి మించి ఖర్చు చేయకూడదు అన్నదే దాని సారం.

బయటి పాఠకులు ఒకటి గమనించాలి. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో (ఆ చట్టం నుంచి మినహాయించిన సంస్థల జాబితాలో) రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పేరు ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం తప్ప మిగతాది ఆ దారిలో రాదు. మీకు దొరికేవి బడ్జెట్ పత్రాలు, రక్షణ మంత్రిత్వ శాఖ వార్షిక నివేదికలు, పార్లమెంటు స్థాయీ సంఘం, ప్రజా పద్దుల సంఘం నివేదికలు. వాటితోనే 2, 3, 6, 8 అంచెలను చాలావరకు చేయవచ్చు.

బృందంలో రేడియో ఫ్రీక్వెన్సీ తెలిసిన ఇంజనీరు ఒక్కరైనా ఉండాలి. లెక్కలు మాత్రమే తెలిసినవాళ్లు వెళితే, ఎదుటివాళ్లు చెప్పే ప్రతి సాంకేతిక కారణానికీ తల ఊపి రావలసి వస్తుంది.

ముందుగా కోరవలసిన కాగితాలు:

- కేంద్రం కావాలని రాసిన మొదటి నోటు, స్టేట్‌మెంట్ ఆఫ్ కేస్ (అవసరాన్నీ ఖర్చునూ వివరించే పత్రం), మంజూరు ఉత్తర్వు
- అదే ఫైలులో నోటింగ్ పక్క (అధికారులు లోపల రాసుకున్న అభిప్రాయాలు) మొత్తం
- కేంద్రంలో పరీక్షించబోయే ప్రతి పరికరం పరీక్షా ప్రణాళిక
- ఇప్పటికే ఉన్న కేంద్రాల గత 3 ఏళ్ల బుకింగ్ రిజిస్టర్లు, లాగ్ బుక్కులు
- స్లాట్ దొరక్క వెనక్కి పంపిన అభ్యర్థనల పత్రాలు
- కరెంటు బిల్లులు, జనరేటర్ లాగ్ బుక్, ఏసీ ప్లాంటు గంటల మీటరు రీడింగులు
- వార్షిక నిర్వహణ ఒప్పందాలు, కాలిబ్రేషన్ (కొలత పరికరాల సరిచూపు) సర్టిఫికెట్లు
- మంజూరైన పోస్టులు, వాటిలో నిజంగా పనిచేస్తున్నవాళ్ల సంఖ్య

నోటింగ్ పక్క గురించి నొక్కి చెబుతున్నాను. కరస్పాండెన్స్ పక్క (వచ్చిన, వెళ్లిన ఉత్తరాలు) చదివితే అందరూ ఒకే మాట మీద ఉన్నట్టు కనిపిస్తుంది. "ఈ పని ఫలానా కేంద్రంలో చేయవచ్చు కదా" అని ఏ మధ్యస్థాయి అధికారో రాసిన రెండు వాక్యాలు, వాటికి పైనుంచి వచ్చిన జవాబు, అవన్నీ నోటింగ్ పక్కనే ఉంటాయి.

2. ఆడిట్ ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి

"కేంద్రం స్థాపన సమంజసమేనా?" లాంటి ప్రశ్న ఎటూ తేలదు. ఇలా రాయండి: "రాబోయే 10 ఏళ్లలో జరగవలసిన ఏయే పరీక్షలు, ఇప్పుడున్న కేంద్రాల్లో, ఇప్పుడున్న లేదా పెంచగలిగిన పనివేళల్లో పూర్తి కావు?"

ఈ వాక్యంలో వ్యవధి, పరీక్షల పేర్లు, పోల్చవలసిన కేంద్రాలు, పనివేళలు అన్నీ ఉన్నాయి. వీటిలో ఏది వదిలేసినా చివరి సమావేశంలో అక్కడే దొరికిపోతారు.

3. ఏ పరీక్ష ఏ మెట్టుదో విడదీయండి

ఎలక్ట్రానిక్ యుద్ధం అంటే శత్రు రాడార్‌ను పసిగట్టడం, దాన్ని తికమకపెట్టడం, మన పరికరాలను శత్రువు తికమకపెట్టకుండా కాపాడుకోవడం. విమానంలో ఉండే రాడార్ హెచ్చరిక రిసీవర్, జామర్ ఈ కోవలోవి. వీటి పరీక్షలు సాధారణంగా ఆరు మెట్ల మీద జరుగుతాయి:

1. కంప్యూటర్ నమూనాలు.
2. యాంటెన్నా తీరును, రాడార్‌కు వస్తువు ఎంత కనిపిస్తుందో కొలిచే కేంద్రాలు.
3. పరికరం భాగాలను ఒకచోట కలిపి చూసే ఇంటిగ్రేషన్ ల్యాబ్.
4. అసలు పరికరాన్ని కృత్రిమ శత్రు సిగ్నళ్లతో ఎదురుబొదురు నిలిపే హార్డ్‌వేర్ ఇన్ ద లూప్ కేంద్రం.
5. పరికరాన్ని విమానంలో బిగించి, ఆ విమానాన్నే, గోడలు తరంగాలను పీల్చుకునే అనెకోయిక్ చాంబర్‌లో పెట్టి చూసే కేంద్రం.
6. ఆరుబయట రేంజ్, అంటే బహిరంగ పరీక్షా మైదానం.

మొదటి అయిదూ నేలమీద జరిగేవే. అమెరికాలో నాలుగో మెట్టుకు టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లోని ఆఫ్యూస్, న్యూయార్క్ రాష్ట్రం బఫలోలోని రెడ్‌క్యాప్ కేంద్రాలు ఒకప్పటి ఉదాహరణలు. అయిదో మెట్టుకు కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఉన్న బెనిఫీల్డ్ చాంబర్ ఉదాహరణ. అందులో పెద్ద విమానం మొత్తంగా పడుతుంది. మన దేశంలో ఈ రంగంలో పరిశోధన చేసే ప్రధాన ప్రయోగశాల 1961లో మొదలైన హైదరాబాద్‌లోని డీఎల్‌ఆర్‌ఎల్ (డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ రీసెర్చ్ ల్యాబొరేటరీ). మన రాష్ట్రంలోనే కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీవోకు ఆరుబయట రేంజ్ ఉంది.

ఈ విభజన ఎందుకంటే, ప్రతిపాదనల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఎదురుగా ఏ సిగ్నల్ వస్తే ఏ నిర్ణయం తీసుకోవాలో పరికరం సాఫ్ట్‌వేర్‌కు నేర్పారనుకోండి. అది సరిగా నేర్చుకుందో లేదో చూడటానికి గాలిలో తరంగాలు పంపనక్కరలేదు. యాంటెన్నాను పక్కనపెట్టి కేబుల్ ద్వారా రిసీవర్‌లోకి సిగ్నల్ ఎక్కిస్తే సరిపోతుంది. దానికి కావలసింది మంచి సిగ్నల్ జనరేటర్లు, ఒక మామూలు ల్యాబ్ గది. సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టే కచ్చితత్వం, విమానం రెక్క యాంటెన్నాకు అడ్డం వస్తుందా, విమానంలోని సొంత రాడార్ మన రిసీవర్‌ను గుడ్డిదాన్ని చేస్తుందా, ఇలాంటివి చూడాలంటే మాత్రం చాంబర్ తప్పదు.

ప్రణాళికలోని ప్రతి పరీక్ష పక్కన ఒక అంకె వేయండి, 1 నుంచి 6 వరకు. "అయిదో మెట్టు" అని రాసిన ప్రతిచోటా పరీక్షాధికారిని నేరుగా అడగండి: "ఇది కేబుల్‌తో ఎందుకు కుదరదు?" జవాబు ఒక్క వాక్యంలో రావాలి. రాకపోతే ఆ పరీక్షను కింది మెట్టుకు దించి లెక్క వేయండి.

4. అవసరాన్ని గంటల్లోకి దించండి

మొత్తం పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది. "అనేక ప్రాజెక్టులు వరుసలో ఉన్నాయి" అన్న వాక్యాన్ని గంటలుగా మార్చేదాకా అడుగుతూనే ఉండాలి. ప్రతి పరికరానికీ ఇవి కావాలి: పరీక్షా బిందువులు (విడివిడిగా కొలవవలసిన పరిస్థితులు) ఎన్ని, ఒక్కొక్కటి ఎన్నిసార్లు చేయాలి, ఒక్కసారికి ఎన్ని నిమిషాలు, బిగించడానికీ విప్పడానికీ ఎంత సమయం, విఫలమైతే మళ్లీ చేయడానికి ఎంత వెసులుబాటు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. హెచ్చరిక రిసీవర్‌కు 60 బిందువులు, ఒక్కొక్కటి 3 సార్లు, సారికి 40 నిమిషాలు. అంటే 120 గంటలు. బిగింపు, విప్పడం 40 గంటలు. మొత్తం 160. జామర్‌కు 90 బిందువులు, 4 సార్లు, సారికి 30 నిమిషాలు. అంటే 180 గంటలు. బిగింపు 60. మొత్తం 240. ఏడాదికి రెండుసార్లు వచ్చే సాఫ్ట్‌వేర్ మార్పుల పరీక్షకు సారికి 50 చొప్పున 100 గంటలు. అన్నీ కలిపితే 500. మళ్లీ చేయవలసినవాటికి ఐదో వంతు కలిపితే 600 గంటలు.

ఈ 600 చూసి వెంటనే తీర్పు రాయకండి. ఇవి ఏ నెలల్లో పడతాయో చూడాలి. విమానం ఆధునికీకరణ కార్యక్రమాలు ఒకేసారి కదులుతాయి కాబట్టి, ఏడాది మొత్తానికి చాలినట్టు కనిపించే చాంబర్ ఒక త్రైమాసికంలో చాలకపోవచ్చు. ప్రతి ప్రాజెక్టు గంటలనూ త్రైమాసికాలవారీగా పంచి రాయండి.

ఇంకొకటి: ప్రాజెక్టు మంజూరైందా, ప్రతిపాదనలో ఉందా, ఊహలో ఉందా అన్నది పక్కనే గుర్తు పెట్టండి. మంజూరైనవాటిని పూర్తిగా లెక్కలోకి తీసుకోండి. ప్రతిపాదనలో ఉన్నవాటిని వేరే వరుసలో చూపండి. ఊహలో ఉన్నవి అవసరం కిందికి రావు.

5. ఉన్న సామర్థ్యాన్ని లెక్కగట్టండి

అవసరాన్ని సామర్థ్యంతో భాగించే భిన్నంలో పైనున్న అంకె మీద అందరూ వాదిస్తారు. కిందనున్న అంకెను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆడిట్ నిలబడేదీ పడిపోయేదీ ఆ కింది అంకె దగ్గరే.

అమెరికా 1995లో సైనిక స్థావరాల కుదింపు చేపట్టినప్పుడు, ఆ దేశ రక్షణ శాఖ రెడ్‌క్యాప్‌కు రాబోయే పని దాని సామర్థ్యంలో 10 శాతమే ఉంటుందనీ, ఆఫ్యూస్‌కు 28 శాతమే ఉంటుందనీ చెప్పి, అవసరమైన పరికరాలను ఎడ్వర్డ్స్‌కు తరలించాలని ప్రతిపాదించింది. అంకెలు చాలా తక్కువగా కనిపిస్తాయి. ఆడిటర్‌గా నేను ముందు అడిగేది మాత్రం, ఆ సామర్థ్యాన్ని ఎన్ని షిఫ్టుల మీద లెక్కకట్టారు అనే. అదే పనిభారం ఒక షిఫ్టు మీద ఎంత శాతమైతే, మూడు షిఫ్టుల మీద అందులో మూడో వంతే. మీ నివేదికలో శాతం రాసిన ప్రతిచోటా దాని పక్కనే ఎన్ని రోజులు, ఎన్ని షిఫ్టులు అన్నది రాయకపోతే, ఆ శాతానికి విలువ లేదు.

పై ఉదాహరణనే కొనసాగిద్దాం. ఇప్పుడున్న చాంబర్ ఏడాదికి 250 రోజులు, రోజుకు 8 గంటలు నడుస్తుంది. అంటే 2,000 గంటలు. నిర్వహణకూ కాలిబ్రేషన్‌కూ 300 తీసేస్తే 1,700. అందులో ఇప్పటికే 900 వాడుతున్నారు. మిగిలింది 800. కావలసింది 600. ఏడాది లెక్కలో సరిపోయింది.

ఇప్పుడు త్రైమాసికం చూడండి. సామర్థ్యం 425, వాడకం 225, మిగిలేది 200. రిసీవర్, జామర్ రెండూ ఒకే త్రైమాసికంలో పడితే 400, ఐదో వంతు కలిపితే 480 గంటలు కావాలి. చాలదు. కొత్త చాంబర్ కావాలనే వాదం ఇక్కడే పుడుతుంది. అయితే ఆ త్రైమాసికంలో రెండో షిఫ్టు నడిపితే సామర్థ్యం దాదాపు 850 అవుతుంది, మిగిలేది 625. పని పూర్తవుతుంది. కావలసింది కొన్ని నెలల పాటు శిక్షణ పొందిన అదనపు సిబ్బంది.

మన ప్రాంతంవాళ్లకు ఈ తేడా రెండు ఉదాహరణలతో చెబితే వెంటనే అర్థమవుతుంది. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఏడాదిలో కొద్ది నెలలే పూర్తిగా నడుస్తాయి. తోతాపురి కాయ పండే కాలాన్ని ఎవరూ జరపలేరు కాబట్టి, ఆ రద్దీకి సరిపడా యంత్రాలు ఉండవలసిందే. మిగతా నెలల ఖాళీని అక్కడ తప్పుపట్టలేం. తిరుపతిలోని శ్రీనివాసం, విష్ణునివాసం వసతి సముదాయాల్లో ఇచ్చే తిరుమల సర్వదర్శనం టోకెన్ల సంగతి వేరు. అక్కడ వచ్చేవాళ్లకు ముందుగానే వేళ కేటాయించి రద్దీని సర్దుతారు. మీ ముందున్న రద్దీ మామిడికాయ లాంటిదా, టోకెన్‌తో జరపగలిగేదా అన్నది ప్రతి ప్రాజెక్టు అధికారినీ అడిగి రాసుకోండి. విమానం ఫలానా తేదీకి స్క్వాడ్రన్‌కు వెళ్లాలన్న ఉత్తర్వు ఉంటే అది జరపలేని రద్దీ. "మా డైరెక్టరేట్‌కు ఈ నెల అనుకూలం" అంటే జరపగలిగేదే.

రిజిస్టరు నిజమో కాదో సరిచూడటం గురించి నా అనుభవం ఒకటి. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక పరీక్షా గది వాడకం రిజిస్టరు చూశాను. ప్రతిరోజూ 8 గంటలు, ఒకే చేతిరాత, ఒకే సిరా. కరెంటు ఫీడర్ మరమ్మతుకు ఆపిన రోజున కూడా 8 గంటలే రాసి ఉంది, ఆ రోజు జనరేటర్ లాగ్ బుక్ ఖాళీగా ఉంది. ఏసీ ప్లాంటు గంటల మీటరు చూస్తే రోజుకు సగటున మూడు గంటలకు మించలేదు. గది అయిదు గంటలు ఖాళీగా ఉందని మెమో రాసేశాను.

జవాబు వచ్చింది. ఫీడర్ ఆగిన రోజు గురించి వాళ్లు ఏమీ చెప్పలేకపోయారు. మిగతా రోజుల్లో మాత్రం మూడు గంటలు పరీక్ష, తక్కిన సమయం పాడ్‌ను (విమానం కింద తగిలించే పరికరాల పెట్టెను) స్టాండ్ మీదికి ఎక్కించడం, కేబుళ్లు సరిచూడటం, అప్పుడు ఏసీ పూర్తిగా నడపనక్కరలేదు అని బిగింపు షీట్లతో సహా చూపించారు. నా అభ్యంతరంలో సగం అక్కడే పడిపోయింది. అప్పటి నుంచి గంటలను మూడు వరుసల్లో రాస్తున్నాను: సిగ్నల్ నడిచిన గంటలు, బిగింపు గంటలు, బుక్ చేసి వాడని గంటలు. మూడోదే ఖాళీ.

సామర్థ్యం లెక్కకు సరిచూసుకోవలసినవి:

- రోజులు, షిఫ్టులు స్పష్టంగా రాశారా?
- మూడు వరుసల గంటలు విడివిడిగా ఉన్నాయా?
- రిజిస్టరును కనీసం ఒక మీటరుతోనైనా పోల్చారా?
- వెనక్కి పంపిన అభ్యర్థనలు నిజంగా కాగితం మీద ఉన్నాయా, నోటిమాటేనా?
- తక్కువ వాడకానికి కారణం పని లేకపోవడమా, సిబ్బంది లేకపోవడమా, పాడైన పరికరమా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. సిబ్బంది లేక ఆగిన కేంద్రం పక్కన ఇంకో కేంద్రం కడితే, అదీ సిబ్బంది లేక ఆగుతుంది.

6. అడిగిన పరిమాణం సరైనదేనా?

చాంబర్ ఖర్చులో పెద్ద భాగం దాని కొలతలను బట్టే ఉంటుంది. ఇక్కడ రెండు చిన్న సూత్రాలు తెలిస్తే చాలు.

మొదటిది తరంగ దైర్ఘ్యం. 300ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. మన గాదంకి వాతావరణ పరిశోధనశాలలోని 1,024 యాంటెన్నాల రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, దాని తరంగం 5.66 మీటర్లు. యుద్ధ విమానాల రాడార్లు ఎక్కువగా వాడే 10,000 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం 3 సెంటీమీటర్లే. చాంబర్ గోడలకు తాపడం చేసే, కార్బన్ కలిపిన నురుగు శంకువుల పొడవు తరంగ దైర్ఘ్యాన్ని బట్టి ఉండాలి. కాబట్టి తక్కువ ఫ్రీక్వెన్సీ కూడా కావాలని ఒక్క వాక్యం చేరిస్తే, శంకువులు బారెడు పొడవై, గది పెరిగి, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలో ఏ పరికరాన్ని పరీక్షిస్తారో పేరు చెప్పమనండి.

రెండోది దూరం. యాంటెన్నా వెడల్పు వర్గాన్ని రెండింతలు చేసి తరంగ దైర్ఘ్యంతో భాగిస్తే, సిగ్నల్ సక్రమంగా కొలవడానికి కావలసిన కనీస దూరం వస్తుంది. 10,000 మెగాహెర్ట్జ్ దగ్గర 30 సెంటీమీటర్ల యాంటెన్నాకు 6 మీటర్లు చాలు. 1 మీటరు యాంటెన్నాకు దాదాపు 67 మీటర్లు కావాలి. హెచ్చరిక రిసీవర్ల యాంటెన్నాలు చిన్నవి. వాటి కోసమే అయితే భారీ గది ఎందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పెద్ద యాంటెన్నా ఉన్నా, వంపు అద్దం లాంటి పరావర్తకంతో తక్కువ దూరంలోనే సమాంతర తరంగాన్ని తయారుచేసే కాంపాక్ట్ రేంజ్ పద్ధతి ఉంది. దాన్ని పరిశీలించి కాదన్న నోటు ఫైలులో ఉందో లేదో చూడండి.

7. ప్రత్యామ్నాయాలను నిజాయితీగా పోల్చండి

"ఏమీ చేయకపోవడం", "అడిగినంతా కట్టడం" అని రెండే మార్గాలు చూపే ప్రతిపాదనను అంగీకరించకండి. మధ్యలో కనీసం ఇవైనా ఉండాలి: రెండో షిఫ్టు, పాత కేంద్రంలో సిగ్నల్ సిమ్యులేటర్ల (కృత్రిమ శత్రు సిగ్నళ్లు పుట్టించే యంత్రాల) పెంపు, మరో సైనిక విభాగం కేంద్రంతో పంచుకోవడం, కొత్తగా వస్తున్న కేంద్రాన్ని రుసుము కట్టి వాడుకోవడం.

చాలాసార్లు కొరత గదిది కాదు, గదిలో మోగవలసిన సిగ్నళ్లది. శత్రు రాడార్ల తీరు మారినప్పుడల్లా సిమ్యులేటర్ లైబ్రరీని (అందులో దాచిన సిగ్నళ్ల నమూనాలను) మార్చకపోతే, ఎంత పెద్ద చాంబరైనా పాత పాఠమే అప్పజెబుతుంది. కొత్త భవనానికి అడిగిన మొత్తంలో ఒక భాగంతో పాత భవనంలోని సిమ్యులేటర్‌ను నవీకరిస్తే ఎన్ని పరీక్షలు తీరతాయో విడిగా లెక్క వేయండి.

ఆరుబయట రేంజ్ చాలు, చాంబర్ ఎందుకు అనే వాదం కూడా వస్తుంది. దాన్నీ అంతే గట్టిగా పరీక్షించాలి. ఆరుబయట పంపిన జామింగ్ సిగ్నల్‌ను వినకూడనివాళ్లు వినవచ్చు. అదే పరిస్థితి మళ్లీ మళ్లీ అచ్చంగా రాదు. పౌర సేవలకు అంతరాయం కలుగుతుంది. మన తిరుపతి చుట్టుపక్కలే చూడండి. రేణిగుంట విమానాశ్రయం, గాదంకి రాడార్, శ్రీహరికోట ప్రయోగ కేంద్రం, అటువైపు చెన్నై విమానాశ్రయం ఉన్నాయి. ఇలాంటి చోట ఆరుబయట జామర్ నడపాలంటే స్పెక్ట్రమ్ అనుమతుల దగ్గరే కథ ఆగిపోతుంది. ఇనుప కవచమున్న చాంబర్‌కు ఆ చిక్కు చాలావరకు లేదు. ఆడిటర్ పని కేంద్రాలను మూయించడం కాదు. అవసరం తేలితే "కావాలి" అని అంతే స్పష్టంగా రాయాలి, ఎందుకంటే నేలమీద పట్టుకోని లోపం గాలిలో పైలట్ ప్రాణం మీదికి వస్తుంది.

యూనిట్లు నడిపేవాళ్లకు ఇక్కడ ఒక మాట. 2020లో ప్రకటించిన రక్షణ పరీక్షా సదుపాయాల పథకానికి కేటాయింపు 400 కోట్ల రూపాయలు. కేంద్ర ప్రభుత్వం 75 శాతం వరకు గ్రాంటు ఇచ్చేలా, మిగిలింది కన్సార్షియం (సంస్థల కూటమి) భరించేలా దాన్ని రూపొందించారు. తమిళనాడు కేంద్రం ఈ పథకం కిందిదే, దానికి ముందుండేది భారత్ ఎలక్ట్రానిక్స్. తిరుపతి నుంచి చెన్నైకి రోడ్డు మీద మూడు, నాలుగు గంటల ప్రయాణం. మీ అందరి పరీక్షా గంటలూ కలిపి అక్కడ ఇమడవని చూపగలిగితేనే ఇక్కడ రెండోదానికి వాదం నిలుస్తుంది.

8. జీవితకాల ఖర్చు

కట్టిన ఖర్చు మాత్రమే చూడకండి. శంకువుల మార్పు, ఏసీ, అగ్నిమాపక వ్యవస్థ, కాలిబ్రేషన్, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, లైబ్రరీ నవీకరణ, సిబ్బంది జీతాలు 20 ఏళ్లకు వేసి, ప్రతి మార్గానికీ "ఒక ఉపయోగకరమైన గంటకు ఎంత" అన్నది తేల్చండి. అగ్నిమాపకాన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది: ఆ శంకువులు పాలీయూరిథేన్ నురుగువి, ఎక్కువ పవర్ సిగ్నల్ తగిలితే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. జామర్‌ను పూర్తి పవర్‌లో పరీక్షిస్తామన్న ప్రతిపాదనలో తగిన శంకువుల ఖర్చు లేకపోతే, అంచనా తక్కువగా చూపారని అర్థం.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

- ఒకే పరీక్షను రెండు ప్రాజెక్టుల కింద లెక్కించడం. ఒకే జామర్ రెండు రకాల విమానాలకు వెళుతుంటే పరికరం పరీక్ష ఒకసారే, విమానంలో బిగించిన పరీక్ష మాత్రం రెండుసార్లు. పరికరం పేరు ప్రకారం పట్టికను తిరిగి అమర్చితే దొరుకుతుంది.
- ఇతర దేశాల కేంద్రాలను అవసరానికి రుజువుగా చూపడం. వాళ్ల విమానాల సంఖ్య వేరు, పరీక్షల సంఖ్య వేరు. ఆ పేరాను లెక్కలోంచి తీసేసి, మిగిలినదానితో ప్రతిపాదన నిలబడుతుందేమో చూడండి.
- రహస్యం పేరుతో గంటలు కూడా చెప్పకపోవడం. ఫ్రీక్వెన్సీలు, శత్రు రాడార్ల వివరాలు రహస్యం. గది ఎన్ని గంటలు నడిచిందన్నది అంత రహస్యం కాదు. ప్రాజెక్టు పేరు బదులు కోడ్ అక్షరం రాసి గంటలు ఇమ్మనండి.
- ఏడాది సగటుతో తీర్పు చెప్పడం. ఇది ఆడిటర్లు చేసే తప్పు. 4, 5 అంచెల్లోని త్రైమాసిక పట్టిక లేకుండా మెమో రాయకండి.
- భవనం పూర్తయ్యే తేదీని, పరీక్ష అవసరమయ్యే తేదీని పోల్చకపోవడం. చాంబర్ వచ్చేలోపు ఆ పరికరం సైన్యానికి అందిపోయి ఉంటే, ఆ గంటలను అవసరంలోంచి తీసేయాలి. రెండు తేదీలనూ ఒకే గీత మీద పెట్టి గీయండి. వాదన అక్కరలేకుండానే కనిపిస్తుంది.

10. మెమో, చివరి సమావేశం, తరువాత

హాఫ్ మార్జిన్ మెమోలో (జవాబుకు సగం పేజీ ఖాళీ వదిలి రాసే ఆడిట్ ప్రశ్నలో) ముందు లెక్క, తరువాత ప్రశ్న ఉండాలి, తీర్పు ఉండకూడదు. నమూనా: "2 షిఫ్టులు, 250 రోజుల లెక్కన ఇప్పుడున్న కేంద్రంలో త్రైమాసికానికి సుమారు 625 గంటలు మిగులుతున్నట్టు రిజిస్టర్లు, మీటరు రీడింగుల ఆధారంగా కనిపిస్తోంది. కోడ్ క, కోడ్ ఖ పరికరాలకు కలిపి కావలసినది 480 గంటలు. రెండో షిఫ్టును పరిశీలించి తిరస్కరించిన పత్రం ఉంటే చూపగలరు."

సున్నితమైన వివరాలు మెమోలో రాయకుండా, సీలు వేసిన అనుబంధంలో పెట్టి, దాని ప్రతులు ఎన్ని, ఎవరి దగ్గర ఉన్నాయన్నది రిజిస్టరులో నమోదు చేయండి. ఎగ్జిట్ కాన్ఫరెన్స్‌లో (ఆడిట్ చివరి సమావేశంలో) ఎదుటివాళ్లు కొత్త అంకె ఏదైనా బయటికి తెస్తే అక్కడికక్కడే ఒప్పుకోవద్దు, తోసిపుచ్చనూ వద్దు. దాని మూలపత్రం అడిగి, మీ మూడు వరుసల పట్టికలో పెట్టి మళ్లీ లెక్క వేయండి.

కేంద్రం మంజూరైతే, ప్రతిపాదనలో చెప్పిన త్రైమాసిక గంటల పట్టికను మంజూరు ఉత్తర్వుకే అనుబంధంగా చేర్చమని సిఫారసు చేయండి. కేంద్రం నడవడం మొదలైన ఏడాదికి అదే పట్టికలో నిజమైన గంటలు నింపి పంపాలని తేదీతో సహా రాయించండి. ఆ తేదీని మీ కార్యాలయం పెండింగ్ రిజిస్టరులో మీరే మీ చేత్తో ఎక్కించండి, ఎందుకంటే అప్పటికి మీరు బదిలీ మీద వేరే ఊళ్లో ఉంటారు.